ఢిల్లీకి పోయే నీళ్ళు

మార్చి 3

బాలస్వామి చెప్పులకు ఎర్రమట్టి లేదు.

పొద్దున మా ఆఫీసు బండి ఆపి, సీసాల పెట్టె భుజాన వేసుకొని ఆఫీసు మెట్లెక్కి వచ్చి బల్ల మీద దించాడు. అప్పుడు చూశాను. నిన్న గుట్టమీది గేరికి పోయి, ఆ వాడలో ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు పట్టించుకొచ్చానన్నాడు. ఆ గేరి మట్టి ఒకసారి అంటిందంటే రెండు ఉతుకులకు కూడా వదలదు. ఆయన చెప్పులు మాత్రం వనపర్తి బజారు దుమ్ముతో బూడిదరంగులో ఉన్నాయి.

"అన్ని ఇండ్లకూ తిరిగారా?"

"తిరగకుంటే సీసలు ఎట్ల నిండుతయ్ మేడం?" అని నవ్వాడు.

నేను అడిగింది ఒకటి. ఆయన తిరిగి ఇచ్చిందీ ప్రశ్నే.

మార్చి 4

కొరియర్లు. నీలం మూతలు ఒక పెట్టెలో, పచ్చ మూతలు ఒక పెట్టెలో, ఎర్ర మూతలు ఒక పెట్టెలో. మూడు సంస్థలకు మూడు రంగులు. ఒకరి సీసాలో ఇంకొకరు పరీక్ష చేయరు. ఒకరి కొరియరులో ఇంకొకరి సీసా పోకూడదు.

దేశంలో ఎవరికి వారు చేసుకునే పరిశోధనలను ఒక్కచోటికి తెచ్చి పెద్ద సమస్యలు తీర్చాలట — మా మిషన్ పుస్తకం మొదటి పేజీలో ఉంది. అందులో నా ఉద్యోగం పేరు సమన్వయ సహాయకురాలు. అమ్మ ఫోన్‌లో ఆ మాట పలకలేక "మా బిడ్డ నీళ్ళ ఆఫీసుల చేస్తది" అని ఎవరికో చెబుతుంటే విన్నాను. అమ్మ చెప్పిందే సరి. ఒకే ఇంటి నీళ్ళు మూడు సీసాల్లో పోయించి, మూడు పట్టణాలకు పంపి, మూడు జవాబులను ఒక పట్టికలో పక్కపక్కన పెట్టడం... అదే నేను చేసే సమన్వయం.

ఫిల్టర్లు పెట్టాక ఇది మొదటి విడత. ఇంటికొకటి ఇచ్చాం. బోరు నీళ్ళు పైన పోస్తే, ఎముకలను బిగదీసే ఫ్లోరైడు లోపలి గుళికలకు పట్టుకొని, నీళ్ళు కింద కుళాయిలోంచి వస్తాయి. ఫిల్టరు నీలం మూతల వాళ్ళది, గుళికలు పచ్చ మూతల వాళ్ళవి. ఎవరిది గొప్పో తేల్చేది ఎర్ర మూతల వాళ్ళు.

సాయంత్రం ఎండ తగ్గలేదు. మార్కెట్ యార్డు దగ్గర పల్లికాయ బస్తాల లారీలు. దుమ్ము. గది తలుపు వేసుకొని చదువుకున్నాను.

మార్చి 11

ముగ్గురి ఫలితాలూ వచ్చాయి.

గుట్టమీది గేరిలో ఏ ఇంట్లోనూ ఫ్లోరైడు లేదు. ఉండీ లేనట్టు, అంతే. ఫిల్టర్లు పెట్టకముందు మూడు జిల్లాల్లో అన్నిటికంటే చెడ్డ నీళ్ళు అవి. నీలం వాళ్ళు, పచ్చ వాళ్ళు, ఎర్ర వాళ్ళు... ముగ్గురి అంకెలూ ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు కలిశాయి.

మూడు జిల్లాల మిషన్ పని చూసే శ్రీధర్ సార్ హైదరాబాదు నుంచి ఫోన్ చేశారు. ఇంత సంతోషంగా ఆయన గొంతు ఎప్పుడూ వినలేదు. "చూశావా అమ్మా! మూడు సంస్థలు, మూడు చోట్ల, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే మాట చెప్పాయి. సమన్వయం అంటే ఇదే."

చూశాను. కాన్వెంటులో ముగ్గురి పేపర్లలో జవాబు ఒకేలా ఉంటే సిస్టర్ మొదట ఆ ముగ్గురినీ బెంచీ మీద నిలబెట్టేది. తర్వాతే మిగతా పేపర్లు దిద్దేది.

మార్చి 12

ఉప్పు ఏమైంది?

మార్చి 13

పొద్దున్నుంచీ అదే. ఆ ఫిల్టరు ఫ్లోరైడును పట్టుకుంటుంది. ఉప్పును పట్టుకోదు. గుట్ట మీద బోరు నీళ్ళు ఉప్పన, పప్పు ఉడకదు. ఆ నీళ్ళు ఫిల్టరులోంచి వచ్చినా ఉప్పగానే ఉండాలి. కొరియరుకు పోకుండా ఆఫీసులో మిగిలిన గేరి సీసాలో ఉప్పు కొలిచే మీటరు ముంచి చూశాను. ఉప్పు దాదాపు లేదు.

తర్వాత కింద హోటలుకు పోయి, ఉప్పు కూడా తీసేసి అమ్మే ప్లాంటు నీళ్ళ క్యాన్ నుంచి గ్లాసెడు పట్టించుకొని అందులోనూ ముంచాను. హోటలాయన వింతగా చూశాడు. "ఏం మేడం, మా నీళ్ళల్ల ఏమన్న పడ్డదా?"

అంకె అదే. దాదాపు అదే.

అంటే ఆ సీసాల్లో ఉన్నవి బోరు నీళ్ళు కావు, ఫిల్టరు నీళ్ళూ కావు. ఎక్కడో ప్లాంటులో పట్టిన నీళ్ళు.

సీసాలు నింపేది ఎవరు... ఒక్కడే.

మార్చి 14

బండి కనపడింది.

గోపాల్‌పేటలో మండలం మీటింగు. బస్సు దిగి నడుస్తున్నాను. రోడ్డు పక్కన నీళ్ళ ప్లాంటు ముందు మా ఆఫీసు బండి. వెనక తలుపు తీసి ఉంది. బాలస్వామి తుండుగుడ్డ తలకు చుట్టుకొని క్యాన్లు ఎత్తి లోపల పెడుతున్నాడు. ఒకటి కాదు, వరసగా. నేను కిరాణా దుకాణం పక్కకు తప్పుకున్నాను. ఎందుకు దాక్కున్నానో తెలియదు. తప్పు చేసేది ఆయన.

సాయంత్రం అడిగాను — గోపాల్‌పేటలో ఎక్కువసేపు ఆగారా అని.

"టైరు పంచర్ అయింది మేడం. పరేషాన్ జేసింది."

అంత నింపాదిగా అబద్ధం చెప్పాడు. నాకే చెమట పట్టింది.

మార్చి 15

మెయిల్ రాశాను. నాలుగు వాక్యాలు. మొదటిది రాయడానికే గంట.

గుట్టమీది గేరి శాంపిళ్ళు ఆ గేరివి కావని అనుమానం. అవి ప్లాంటు నీళ్ళని నమ్మడానికి ఆధారం ఉంది. డ్రైవరు, క్షేత్ర సహాయకుడు అయిన బాలస్వామి గుట్ట ఎక్కకుండానే గోపాల్‌పేటలో సీసాలు నింపుతున్నాడేమో విచారించగలరు. ఆ తేదీల శాంపిళ్ళు పక్కన పెట్టగలరు.

"ఏమో" తీసేశాను. మళ్ళీ పెట్టాను. పంపాను.

మార్చి 16

శ్రీధర్ సార్ జవాబు: "మంచి పరిశీలన. నేను చూసుకుంటాను. నీ దగ్గరే ఉంచు."

నా దగ్గరే ఎందుకు?

మార్చి 18

నాగర్‌కర్నూల్‌లో మూడు జిల్లాల సమీక్ష. పెద్ద గది, చిన్న ఫ్యాను. శ్రీధర్ సార్ గోడ మీద తెరలో. గొంతు ముందు వస్తుంది, పెదవులు తర్వాత కదులుతాయి.

నాగర్‌కర్నూల్ పని చూసే అన్వర్ నా పక్కన కూర్చున్నాడు. "మా ఊర్లల్ల నీళ్ళు ఎప్పట్లెక్కనే సంపుతున్నయ్. మీ గేరికి ఏం మంత్రమేసిన్రు? జర మాగ్గూడ చెప్పున్రి." చిన్నగా నవ్వి ఊరుకున్నాను. అన్వర్ సరదాకే అన్నాడు. అయినా ఆ మాట అడిగినవాడు ఆయన ఒక్కడే.

అప్పుడు సార్ చెప్పారు. గుట్టమీది గేరిని ఢిల్లీ వాళ్ళకు చూపిస్తారట. మూడు సంస్థలూ కలిసి ఒక సమస్యను తీర్చిన మొట్టమొదటి చోటు. సమస్య తీరింది కాబట్టి గేరిని జాబితాలోంచి తీసేస్తారు. అక్కడ పెట్టాలనుకున్న పెద్ద శుద్ధి యంత్రం ఇంకో చోటికి పోతుంది. ఫిల్టర్లలో గుళికలు మార్చడం కూడా ఈ నెలతో ఆపేస్తారు.

అందరూ చప్పట్లు. నా చేతులు కూడా కలిశాయి. చప్పుడు రాకుండా.

మెయిల్ పంపాను కదా. ఆయన చదివారు కదా.

తిరుగు ప్రయాణంలో బండి బాలస్వామిదే. రేడియో పెట్టాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. "తలనొస్తుందా మేడం?" అన్నాడు. లేదన్నాను. రేడియో తగ్గించాడు. ఆ తగ్గించడం కూడా నాకు నచ్చలేదు.

మార్చి 19

అమ్మ ఫోన్. గద్వాలలో కరెంటు పోయి మగ్గాలన్నీ ఆగాయట, వీధి అంతా నిశ్శబ్దంగా ఉందట. "నీ గొంతు ఏంది గట్లున్నది? ఎవరన్న ఏమన్నరా?"

ఎవరూ ఏమీ అనలేదు. అదే బాధ.

మార్చి 20

ఎవరికీ చెప్పకుండా పోయాను. బస్సులో గోపాల్‌పేట, అక్కడి నుంచి ఆటో. ఆటో గుట్ట కింద దింపేసింది. సిమెంటు రోడ్డు సగం దాకానే. మిగతాది నడక. చెప్పులు, పైజామా అంచు ఎర్రగా అయ్యాయి.

మొదటి ఇల్లు చంద్రమ్మది. మా పట్టికలో ఆమె ఒక నంబరు. యాభై దాటిన మనిషి, నుదుట పెద్ద బొట్టు, చేతిలో చాట. ఆమె భర్త నులక మంచం మీద పడుకొని ఉన్నాడు, కాళ్ళు పూర్తిగా చాచలేడు. వెళ్ళగానే కుర్చీ వేసింది.

"నీళ్ళ ఆఫీసు బిడ్డవా? బాలస్వామి రాలే?"

రాలేదన్నాను. ఫిల్టరు చూపించమన్నాను. దేవుడి గూటి పక్కన ఉంది. పసుపు, కుంకుమ బొట్లు, పైన లేసు గుడ్డ. కుళాయి కింద దుమ్ము. చేత్తో తడితే ఖాళీ చప్పుడు.

"వాడుతలేరా?"

"వాడుతం బిడ్డా..." కొంచెం ఆగింది. "ఒక బిందె వడపోయాలంటే పొద్దు మునుగుతది. పండుగకు వాడుతం."

సంచీలోంచి సీసా తీశాను. నీళ్ళు కావాలన్నాను. ఎప్పుడూ ఎలా ఇస్తారో అలాగే ఇవ్వమన్నాను. అప్పుడు చూశాను... కళ్ళముందే. బోరింగు నీళ్ళ బిందె గడప పక్కనే ఉంది. ఆమె దాన్ని దాటి లోపలికి పోయింది. మూలకు గుడ్డ కప్పిన ప్లాంటు క్యాన్. గుడ్డ తీసి, గ్లాసు కడిగి, క్యాన్‌లోంచి వంచి, ఒక్క చుక్క కింద పడకుండా సీసాలో పోసింది. సీసా తుడిచి మరీ ఇచ్చింది.

"ఇవి క్యాన్ నీళ్ళు కదా అమ్మా?"

"అవ్ బిడ్డా. మంచియే. నిన్ననే తెచ్చిన్రు."

"మీరు రోజూ తాగేవి ఏవి?"

"మేమా? మేం గా బోరింగుయే తాగుతం. క్యాన్ రోజూ యాడ తెస్తం? గియ్యి ముసలాయనకు. మల్ల ఇంటికి ఎవరన్న వస్తే వాండ్లకు."

"మరి సీసాలోకి బోరింగు నీళ్ళే పోయొచ్చు కదా?"

చంద్రమ్మ నన్ను చూసిన చూపు... నేనేదో తిట్టినట్టు.

"ఇంటికొచ్చి నీళ్ళడిగినోళ్ళకు గా ఉప్పు నీళ్ళు ఇస్తమా? గిదేం మాట బిడ్డా?"

"నాకు తాగడానికి కాదమ్మా. పరీక్షకు."

"పరీక్షకైతే మంచియి ఇయ్యొద్దా? ఢిల్లీకి పోతయని బాలస్వామి చెప్పిండు. పెద్ద పెద్ద సార్లు సూస్తరంట. మేం గా నీళ్ళు పంపిస్తే, గుట్టమీదోళ్ళు గింత అడ్డగోలు మనుషులా అనుకోరా?"

పక్కింటి ఆమె గోడ మీది నుంచి తల పెట్టి వింటోంది. "నేనైతే సీసను మూడు మాట్ల కడిగి పోసిన. మా సీస మంచిగొచ్చిందా సిస్టరమ్మా?"

సిస్టరమ్మ. తెల్ల చున్నీ వేసుకున్నందుకు.

"అందరూ క్యాన్ నీళ్ళే ఇచ్చారా?"

"క్యాన్ లేనోళ్ళు అడుక్కొచ్చి ఇచ్చిన్రు. ఎల్లమ్మోళ్ళింట్ల లేకపోతే నేనే చెంబెడు పోసిన. ఒక్క ఇంటియి ఖరాబొచ్చినా గేరి మొత్తం పేరు పోతది గద" అంది చంద్రమ్మ.

పరీక్ష అనగానే గేరి అంతా కలిసి పాసయింది.

మొదటిసారి శాంపిళ్ళు చెడ్డగా వచ్చాయి కదా, అప్పుడు ఏ నీళ్ళిచ్చారని అడిగాను. "అప్పుడు మమ్ముల ఎవరడిగిన్రు? సార్లే వచ్చి, వాండ్లే బోరింగు కొట్టుకొని, వాండ్లే పట్టుకొని పోయిన్రు. ఇంట్లకు గూడ రాలే. ఛాయ్ తాగున్రి అంటే తాగలే." ఆ కోపం ఇంకా పోలేదు.

మరి క్యాన్లు గుట్ట ఎక్కేది ఎలా? నల్లా నీళ్ళే ఇంత ఎత్తుకు రావు.

"బాలస్వామి బండ్లె తెస్తడు. సిమెంటు రోడ్డు అయిపోయే కాడ ఆగి హారన్ కొడ్తడు. మేం పోయి క్యాన్లు దించుకుంటం. ఖాళీ సీసలు ఇంటికి తెచ్చుకొని, నింపి, మల్ల గాడ్నే ఇస్తం. నీకెందుకు బిడ్డా ఎర్రమట్ల నడుసుడు? నువ్వు గూడ గాడ్నే కూసుంటే అయిపోవు."

అందుకే మట్టి లేదు చెప్పులకు.

బోరింగు దగ్గరికి పోయి నేనే కొట్టి, నేనే ఒక సీసా నింపుకున్నాను. మీటరు ముంచాను. అంకె పైకి పరుగెత్తింది, ఇంక చూడక్కర్లేదు. దోసిలితో కొంచెం తాగాను. చంద్రమ్మ పరుగెత్తుకొచ్చింది — "అయ్యో, తాగకు బిడ్డా, గవి తాగకు."

రోజూ తాగేవి. ఆమె, లోపల పొయ్యి దగ్గరున్న ఆమె కోడలు, ఎల్లమ్మ ఇంటివాళ్ళు.

ఇదంతా నిజమేనా, లేక బాలస్వామి ముందే నేర్పి పెట్టాడా? దారి పొడుగునా అదే అనుమానం. గుట్ట దిగేటప్పటికి సిగ్గేసింది. కానీ అనుమానం పూర్తిగా పోలేదు. రాస్తున్నాను కదా — పోలేదు.

మార్చి 21

ఆఫీసులో నేనూ బాలస్వామీ ఇద్దరమే. నా పైజామా అంచు చూశాడు. ఎర్రగా ఉంది. ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది.

"గుట్ట ఎక్కిన్రు."

"ఆ రోజు టైరు పంక్చర్ కాలేదు కదా?"

"కాలే."

"ఎందుకు అబద్ధం చెప్పారు?"

"ఆఫీసు బండ్లె బయటి సామాన్ ఏస్తే కొలువు పోతది గద మేడం. మీరే మొన్న రూల్సు చదివి ఇనిపిచ్చిన్రు." చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "ముసలోళ్ళు క్యాన్ నెత్తిన పెట్టుకొని గుట్ట ఎక్కుతుంటే, ఖాళీ బండి తోలుకుంట పక్క నుంచి పోవాల్నా? మీరైతే పోతరా?"

నేనైతే... కిటికీ అద్దం ఎత్తుకొని పోయేదాన్నేమో. చెప్పలేదు.

"వాళ్ళు ఆ క్యాన్ నీళ్ళే సీసాల్లో పోస్తున్నారని తెలుసా మీకు?"

"నిజం చెప్పాల్నంటే తెల్వదు. నేను బండ్ల కూసొని బీడీ తాగుతుంట. వాండ్లు తెస్తరు, నేను పెట్టెల పెడ్త." తర్వాత గొంతు తగ్గించి, "ఇంటింటికీ తిరగాల్సింది. తిరగలే. గది నా తప్పే."

మెయిల్ సంగతి చెప్పాలి. గ్లాసు అటూ ఇటూ జరిపాను. ఆయనే అందుకున్నాడు.

"మీరు నా మీద మెయిల్ కొట్టిన్రు గద. శ్రీధర్ సారు ఫోన్ జేసిండు. సీసలు యాడ నింపుతున్నవ్ రా అని అడిగిండు."

"ఎప్పుడు?"

"మనం నాగర్‌కర్నూల్ పోకముందు."

"మీరేం చెప్పారు?"

"ఉన్నది చెప్పిన. నీళ్ళు ఇండ్లల్లకెళ్ళే వస్తయ్ సార్, క్యాన్లు మాత్రం నా బండ్లె పోతయ్, తప్పయింది అన్న. సరే, ఎవ్వరికీ చెప్పకు అన్నడు."

నాగర్‌కర్నూల్ పోకముందు. అంటే ఆ చప్పట్ల కంటే ముందే ఆయనకు క్యాన్ల సంగతి తెలుసు. మెయిల్లో ప్లాంటు నీళ్ళని నేను రాశాను. క్యాన్లు గుట్ట ఎక్కుతున్నాయని బాలస్వామి చెప్పాడు. ఈ రెండూ కలపడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

"మరి నన్నెందుకు ఏమీ అనలేదు మీరు? ఇన్ని రోజులు..."

"ఏమంట మేడం? మీరు సిస్టరమ్మ లెక్క మాట్లాడకుంట కూసుంటరు. మీతోని కొట్లాడాలంటే ముందు మీరు ఒక మాట అనాలె గద."

నవ్వలేదు. నేనూ నవ్వలేదు. కాసేపయ్యాక టీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు, పళ్ళెం చప్పుడయ్యేంత గట్టిగా.

మార్చి 22

శ్రీధర్ సార్‌తో ఫోన్. మాట్లాడాల్సినవి ముందే కాగితం మీద రాసుకున్నాను.

విన్నారు. మధ్యలో ఆపలేదు. అందుకే భయమేసింది.

"చూడమ్మా. మూడు సంస్థల పెద్దలను ఒక్క గదిలో కూర్చోబెట్టడానికి నా జుట్టు నెరిసింది. ఒకరి అంకె ఇంకొకరు ఒప్పుకోరు. ఇన్నాళ్ళకు ఒక్క చోట ముగ్గురూ సరేనన్నారు. ఇప్పుడు పోయి, అయ్యా మీరు ముగ్గురూ పరీక్ష చేసింది ఒక ముసలమ్మ మర్యాదను అని చెప్పమంటావా?"

బావుంది ఆ మాట. ఆయన తెలివైన మనిషి. అందుకే ఎక్కువ అనుమానం.

"అక్కడ వాళ్ళు ఇంకా బోరు నీళ్ళే తాగుతున్నారు సార్."

"తెలుసు."

ఆగారు. అటువైపు కాగితాలు తిప్పిన చప్పుడు.

"నీ ముందు రెండు దారులున్నాయి. శాంపిళ్ళు సరైనవే అనుకుంటే అందరూ బాగుంటారు. తప్పు అంటావా, ఎవరి తప్పో చెప్పాలి. కమిటీ మొదట అడిగేది అదే. నా దగ్గర నీ మెయిల్ ఉంది. బాలస్వామి పేరు నువ్వే రాశావు. బండి సంగతి అతనే ఒప్పుకున్నాడు. అదే రోజు అతన్ని తీసేయాల్సి వస్తుంది."

"ఆయన మోసం చేయలేదు సార్. ఎవరూ చేయలేదు. ఏ నీళ్ళు కావాలో మనమే చెప్పలేదు. మనలో ఒక్కరమూ గుట్ట ఎక్కలేదు."

"ఎవరూ చేయని తప్పును స్లైడులో ఎలా చూపిస్తాం?" మెత్తగానే అన్నారు. "గేరి పోయినా ఇంకో ఊరు బాగుపడుతుంది కదమ్మా. యంత్రం ఎక్కడో ఒకచోట పనిచేస్తుంది. ఆలోచించు."

ఆలోచిస్తున్నాను. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం ఎక్కడుందో వెతుకుతున్నాను. ప్రతి వాక్యం విడిగా నిజమే.

మార్చి 23

మెయిల్ వెనక్కి తీసుకోవడం కుదరదు. చూశాను.

మార్చి 24

హైదరాబాదులో ఎల్లుండి పెద్ద సమావేశం. ఢిల్లీ కమిటీ వస్తోంది. కార్యక్రమం కాగితం వచ్చింది. గుట్టమీది గేరి గురించి చెప్పేవాళ్ళలో నా పేరు ఉంది. "క్షేత్రం నుంచి ఒక గొంతు" అట.

ఇంతమంది ఉండగా నా పేరెందుకు? అన్వర్ బాగా మాట్లాడతాడు. నాగర్‌కర్నూల్‌లో అందరినీ నవ్వించింది అతనే. నన్ను పెట్టారంటే కారణం ఒకటే అయి ఉండాలి. నేను లేచి, స్లైడులో ఉన్నది చదివి, థాంక్యూ చెప్పి కూర్చుంటానని ఆయనకు నమ్మకం. గేరి పని చూసే మనిషినే తెచ్చి చెప్పించినట్టూ అవుతుంది, ఏమీ చెప్పనట్టూ అవుతుంది.

లేదా... లేదా ఆయన చెప్పలేనిది నేను చెబుతానని పెట్టారా? ఆ "తెలుసు" అన్న మాటలో ఏదో ఉంది. ఈ రెండోది నమ్మాలని ఉంది. అందుకే నమ్మను.

బాలస్వామికి చెప్పాను, రెండు దారులూ. దాచలేదు. గోడకు ఆనుకొని విన్నాడు.

"అంటే మీరు నిజం చెప్తే నా కొలువు పాయె. చెప్పకుంటే గేరి పాయె."

"నేను మూడోది చెప్పాలనుకుంటున్నాను. తప్పు మనందరిదీ అని."

"అందరిదీ అంటే ఎవ్వరిదీ కాదు మేడం. ఆఖరికి వచ్చి డ్రైవరు మీదనే పడుతది. సూస్తనే ఉన్న గిన్నేండ్ల సంది." కోపంగానే అన్నాడు. "నా బిడ్డ నర్సింగు సదువుతుంది. మైకు పట్టుకునేటప్పుడు గది గూడ జర యాదికుంచుకోన్రి."

చెప్పొద్దని అనలేదు. చెప్పమనీ అనలేదు. క్యాన్లు మోయడం కూడా మానలేదు. ఇవాళ మధ్యాహ్నం బండి కనపడలేదు, ఎక్కడికని నేను అడగలేదు.

మార్చి 25

ప్రాక్టీసు. తలుపు వేసుకొని, గోడ వైపు తిరిగి. "గుట్టమీది గేరి నుంచి మీకు వచ్చినవి..." అక్కడి దాకా వచ్చి మళ్ళీ మొదటికే పోతున్నాను. ఇంగ్లీషులో మొదలుపెడితే పదాలు చక్కగా వస్తున్నాయి, నిజం మాత్రం పలచబడుతోంది. చంద్రమ్మ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలి? "వాళ్ళు మమ్మల్ని అతిథులుగా చూశారు" అంటే కమిటీ నవ్వి చప్పట్లు కొడుతుంది. అక్కడితో అయిపోతుంది.

తెలుగులోనే చెబితే? అనువాదానికి ఎవరో ఒకరు ఉంటారు. ఉంటే, ఉన్నది ఉన్నట్టు చెబుతారా?

పట్టికలు మళ్ళీ చూశాను. నీలం, పచ్చ, ఎర్ర. అంత పొందికగా ఉన్నాయి. ఏమీ తెలియనివాళ్ళు చూస్తే నమ్ముతారు. నేనైనా నమ్మేదాన్ని.

మార్చి 26

వనపర్తి బస్టాండు. పొద్దున మొదటి బస్సు. బాలస్వామి దింపడానికి వచ్చాడు, రమ్మనలేదు. సంచీ పైన పెట్టి, కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఏం చెప్పాలనుకున్నరు?"

"తెలియదు."

"తెల్వకుంటనే పోతున్నరా?" తల ఊపాడు. "ఏం చెప్పినా జర గట్టిగ చెప్పున్రి మేడం. మీ మాట మీకే ఇనపడదు."

కండక్టరు అరిచాడు. బస్సు కదిలింది. ఆయన చెయ్యి ఊపలేదు, బండి వైపు నడిచాడు. కోపమో, తొందరో, మరింకేమో... వెనక నుంచి చూస్తే తెలియదు.

ఒళ్ళో సంచీ. అందులో బోరింగు దగ్గర నేను పట్టిన సీసా. దానికి నీలం మూత లేదు, పచ్చ లేదు, ఎర్ర లేదు. లోపలికి నీళ్ళ సీసా తీసుకుపోనిస్తారో లేదో. తెర మీది అంకెల ముందు ఒక సీసా పెడితే ఎవరైనా అందులో మీటరు ముంచుతారో లేదో. ముంచితే, మొదట ఎవరి పేరు అడుగుతారో నాకు తెలుసు.

బస్సు ఊగుతోంది, అక్షరాలు వంకర పోతున్నాయి. నా వంతు భోజనాల ముందు. శ్రీధర్ సార్ మెసేజ్: "బయల్దేరావా అమ్మా? స్లైడు మార్చలేదు కదా?"

జవాబు ఇంకా పెట్టలేదు.

మా అమ్మ పుట్టింది గుట్టమీది గేరిలోనే. ఇంతవరకూ ఇక్కడ కూడా రాయలేదు, చంద్రమ్మకూ చెప్పలేదు. పెళ్ళయ్యేదాకా ఆ బోరింగు నీళ్ళే తాగింది. ఆమె మెడ తిరగదు. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరుగుతుంది.